ఎర్ర సిరాతో ఏడువందల పన్నెండు

రెజైనా,
12 జనవరి 2025

చిరంజీవి సుగుణకు,

అన్నయ్య దీవెనలు ముందు, చలి సంగతి తర్వాత. ఈ ఉదయం ఇక్కడ మైనస్ ముప్పైనాలుగు. దీవిద్దామని నోరు తెరిస్తే ముందు పొగ బయటికొస్తోంది.

నిన్ననే ఫోనులో గంటసేపు మాట్లాడుకున్నాం కదా, మళ్ళీ ఉత్తరమెందుకంటావు. నువ్వు చదివిన జూనియర్ కాలేజీ రికార్డు రూములో ముప్పైఏడేళ్ళు కూర్చున్నవాణ్ణి. నోటిమాట గాలికి, కాగితం బీరువాకి. "వాట్సాప్‌లో పెడితే అయిపోతుందిగా నాన్నా" అంటుంది మా ఝాన్సీ. ఇక్కడి ప్రభుత్వాఫీసులో ఉద్యోగం చేస్తున్న నా కన్నకూతురే అలా అంటే ఇక రికార్డుల గతి ఏం కావాలి!

ముందు కష్టమైన సంగతి. మీ మనవడు తనీష్‌కి ముప్పై ఎనిమిది వచ్చాయన్నావు. నవ్వుతూనే చెప్పావు. ఆ నవ్వు వెనక ఎంత దిగమింగుకున్నావో అన్నని, నాకు తెలియదా? అమ్మాయ్, ముప్పై అయిదు దాటాడంటే పాసయ్యాడన్నమాటే. పైగా మూడు మార్కులు మిగులు. పదో తరగతి లెక్కల్లో నాకు మూడుసార్లలో వచ్చినవి ఏమిటి? పదకొండు, పంతొమ్మిది, ముప్పైనాలుగు. మూడోసారి ముప్పై ఎనిమిది వచ్చి ఉంటే ఊరంతా పటికబెల్లం పంచేవాణ్ణి. జయదేవ్‌ని కొడుకు మీద కేకలు వెయ్యొద్దని నా మాటగా చెప్పు. ఇటు మా మనవరాలు వర్షిణికి పన్నెండో తరగతిలో తొంభైనాలుగు సగటు వస్తోందని ఆ ఫోనులోనే డప్పు కొట్టుకున్నాను. పుండు మీద కారం చల్లినట్టయింది. మన్నించు.

రెండో సంగతి. నువ్వు కూడా యూనివర్సిటీకి అప్లై చేస్తున్నావు. చరిత్ర చదువుతానన్నావు. అరవై అయిదేళ్ళకి! ఫోను పెట్టేశాక గదిలో అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగాను. ఇంట్లో ఎవరూ లేరు గనక నా ముఖం ఎలా ఉందో ఎవరూ చూడలేదు. లైబ్రరీలో ఒకావిడని అడిగాను. పెద్ద వయసువాళ్ళని మార్కులు పెద్దగా పట్టించుకోకుండా తీసుకునే దారి ఒకటుందిట. హాయిగా ఆ దారిన వెళ్ళు. అయినా నీకు కాలేజీ కాగితం కావాలంటే, ఇప్పుడు నా కుర్చీలో కిరీటి ఉన్నాడు. ముద్ర ఎక్కడ కొట్టాలో వాడికి నేర్పింది నేనే.

నీ అన్నయ్య
శ్రీరాములు

*

విండ్సర్,
27 జనవరి 2025

అన్నయ్యకు,

నమస్కారం పెట్టాలో పోట్లాడాలో తెలియక రెండూ చేస్తున్నాను.

ముప్పై ఎనిమిది వందకి కాదు మహానుభావా. నలభై అయిదుకి! తనీష్ చదువుతున్నది ఐబీ అని వేరే చదువు. ఆరు సబ్జెక్టులు, ఒక్కోదానికి ఏడే మార్కులు, పైన ఇంకో మూడు. నలభై అయిదుకి ముప్పై ఎనిమిదంటే వాళ్ళ బళ్ళో చేతులు కలిపి అభినందిస్తున్నారు. నీ ఉత్తరం చదివి కోడలు మృదుల పొట్ట పట్టుకుని నవ్వింది. జయదేవ్ నవ్వలేదు. "మామయ్య కావాలనే అన్నాడా అమ్మా?" అన్నాడు. కార్ల ఫ్యాక్టరీలో రోజంతా కొలతలు తీసే మనిషి, నీ మాటల్నీ కొలుస్తున్నాడు. తనీష్ అయితే "వాట్ డిడ్ ఐ ఈవెన్ డూ?" అని బిక్కమొహం వేశాడు. అసలు వాడింకా చివరి పరీక్షలే రాయలేదు. అవి టీచర్లు అంచనా కట్టిన మార్కులు. రాయని పరీక్షకి మార్కులేమిటని అడక్కు, నేనూ అడిగి నవ్వులపాలయ్యాను.

యూనివర్సిటీ వాళ్ళ పట్టిక ఒకటుంది. ఏ చదువు చదివినవాళ్ళకి ఎంత రావాలో అందులో రాశారు. ఈ ఒంటారియో పన్నెండో తరగతికి ఇంత, ఆరు సబ్జెక్టులు చూస్తారు. మీ రెజైనావైపు అయిదే చూస్తారట. ఐబీకి ఇంత. కిందికి వెళ్తే ఇండియా. ఆ వరసలో మన ఇంటర్మీడియట్! స్క్రీన్ మీద వేలు పెట్టి తడిమాను అన్నయ్యా. డెబ్భై శాతం కావాలి.

నాకు డెబ్భై దాటాయనే గుర్తు. ఎంతో కచ్చితంగా తెలియదు. మెమో డెబ్భై ఏడు తుఫానులో పెట్టెతో సహా పోయింది.

పెద్ద వయసువాళ్ళ దారి గురించి నాకూ తెలుసు. అది నాకొద్దు. నేను ఫెయిలయి ఆగలేదు. పాసయి ఆగాను. "అన్న పది గట్టెక్కలేదు, చెల్లెలు బీఏ చదివితే వాడు తలెక్కడ పెట్టుకుంటాడు?" అన్నారు నాన్న. ఆ మాటకి ఆగాను. ఇన్నాళ్ళూ తనీష్‌కి లంచ్ డబ్బా సర్దాను. సెప్టెంబరు నుంచి వాడికి డబ్బా అక్కర్లేదు, నాకు తీరిక. ఇంగ్లీషు పరీక్ష నవంబరులోనే పాసయ్యాను. వెళ్తే నా మార్కుల మీదే వెళ్తాను, నా నెరిసిన జుట్టు మీద కాదు.

కిరీటిని అడిగి కాలేజీ నుంచి నా మార్కుల కాగితం తెప్పించు. సీలు వేసిన కవరులో రావాలి. సీలు విప్పకుండా యూనివర్సిటీకి చేరాలి. ఏప్రిల్ నెలాఖరు గడువు.

కోపం తగ్గలేదు గానీ కాగితం అయిపోయింది.

చెల్లెలు
సుగుణ

*

రెజైనా,
20 ఫిబ్రవరి 2025

సుగుణమ్మకు,

లెంపలు వేసుకుంటూ ఒక చేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకో. నీ ఉత్తరం చూపిస్తే వర్షిణి "తాతా! ఇట్స్ అవుటాఫ్ ఫార్టీఫైవ్!" అని తల పట్టుకుంది. సరేనని ముప్పై ఎనిమిదిని నలభై అయిదుతో భాగించి, వందతో హెచ్చించి, ఎనభైనాలుగు తేల్చాను. అలా కూడా చెయ్యకూడదట! ఇక్కడి లెక్కలో అది తొంభై పైన పలుకుతుందట. అప్పుడు నాకు మన ధాన్యం కుంచాలు గుర్తొచ్చాయి. ఒక ఊరి కుంచం ఇంకో ఊరి కుంచంతో కలిసేది కాదు. తెలిసిన కొనుబడిదారు కుంచం వైపు చూసేవాడు కాదు, గుప్పెడు గింజలు తీసి నోట్లో వేసుకుని కొరికేవాడు. యూనివర్సిటీవాళ్ళు పాపం పిల్లల్ని కొరికి చూడలేరు గనక పట్టికలు వేసుకున్నారు. తనీష్‌కి నా ఆశీస్సులు. ముప్పై ఎనిమిదికి ముప్పై ఎనిమిది.

అసలు సంగతికొస్తాను. కిరీటి పంపిన కవరు సోమవారం నాకు చేరింది. వాడి దగ్గర ఉన్నది నా అడ్రసే మరి. అతుకు మీద అడ్డంగా మూడు ముద్రలు, ప్రిన్సిపాలు సంతకం. నా శిష్యుడనిపించాడు.

సీలు విప్పొద్దని రాశావు. నిజమే, దారినపోయేవాళ్ళు విప్పకూడదు. నేను దారినపోయేవాణ్ణా? సరిచూడని కాగితం రికార్డు రూము గడప దాటకూడదన్నది నా నియమం. ప్రిన్సిపాళ్ళే పదకొండుమంది మారారు, ఆ నియమం మారలేదు. కెటిల్ ఆవిరి మీద పట్టుకుని, చిరగకుండా విప్పాను. మంచిపని చేశాననుకో! మొత్తం దగ్గర ఏం రాసి ఉందో తెలుసా? 612!

ఒళ్ళు మండిపోయింది. నీకొచ్చినవి ఏడువందల పన్నెండు. ఆ తప్పుమీద ఒక్కటంటే ఒక్క అడ్డగీత గీశాను. దిద్దిన సంగతి కనబడకుండా దిద్దడం దొంగల పని. పైన ఎర్ర సిరాతో 712 వేసి, పక్కన నా పొట్టి సంతకం, తేదీ, దాని కింద 'రికార్డ్ అసిస్టెంట్, రిటైర్డ్' అని రాశాను. మైదాజిగురుతో మళ్ళీ అంటించి యూనివర్సిటీకి రిజిస్టరు చేసి పంపాను.

ఇక గుండెల మీద చెయ్యేసుకుని పడుకో. నేను పంపిన కాగితం ఈ జన్మలో తిరిగి రాలేదు.

నీ అన్నయ్య
శ్రీరాములు

*

విండ్సర్,
8 మార్చి 2025

అన్నయ్యా,

తిరిగి వచ్చింది.

నిన్న అడ్మిషన్ల ఆఫీసరు పిలిచింది. మర్యాదగానే మాట్లాడింది. ఆ మర్యాదే గుచ్చుకుంది. కవరు విప్పి అంటించి ఉందిట. లోపల మార్కులు దిద్ది ఉన్నాయిట. రిజిస్టరు పోస్టు మీద పంపినాయన ఇంటిపేరూ నా పుట్టింటిపేరూ ఒకటేనని ఆవిడే చూపించింది. అలాంటి కాగితాన్ని వాళ్ళు లెక్కలోకి తీసుకోరు. "మీ వయసుకి వేరే దారి ఉందండీ, ఈ కాగితంతో పని లేకుండా చూద్దాం" అంది. నేను చేసిన తప్పుని క్షమించి పక్కదారి చూపిస్తున్నట్టుంది. వద్దన్నాను. లేచి వచ్చేశాను.

నిజం చెప్పు. వెయ్యికి ఆరువందల పన్నెండంటే డెబ్భై శాతం కాదు. ఏడువందల పన్నెండంటే అవును. ఆ నూరు మార్కులు నీ ప్రేమకొద్దీ వేశావా? నాకేం వచ్చిందో నాకే గుర్తులేనప్పుడు నీకెలా గుర్తుంటుంది?

నా చదువు ఒకసారి నీ మూలంగా ఆగింది, నీ తప్పు కాకపోయినా. రెండోసారి నీ చేత్తోనే ఆగింది.

సుగుణ

*

రెజైనా,
19 మార్చి 2025

సుగుణా,

ఈ ఉత్తరంలో కుంచాలూ కబుర్లూ ఉండవు. ఉన్నా, అవసరమైనంతే.

ఇంగ్లీషు నూట పద్దెనిమిది. తెలుగు నూట డెబ్భై ఒకటి. చరిత్ర నూట నలభై ఆరు. ఎకనామిక్స్ నూట ముప్పై తొమ్మిది. సివిక్స్ నూట ముప్పై ఎనిమిది. పెన్ను తీసుకుని కూడు.

ఎలా గుర్తుందంటావు. నీ రిజల్ట్ చూడ్డానికి ఆ రోజు కాలేజీకి వెళ్ళింది నేను. జేబులో కాగితం లేదు. తొమ్మిది మైళ్ళు సైకిలు తొక్కుతూ ఈ అయిదు అంకెలూ పైకి వల్లించుకుంటూ వచ్చాను, ఒక్కటి జారిపోయినా నీ మార్కులు తగ్గిపోతాయని భయం. ఎదురొచ్చినవాళ్ళు పలకరిస్తే జవాబు కూడా చెప్పలేదు. గడపలో సైకిలు దిగి నీకు అప్పజెప్పాను. నువ్వు గంతులేశావు. అప్పుడే నాన్న ఆ మాట అన్నారు. నేను పక్కనే ఉన్నాను. "నేను తలెక్కడ పెట్టుకుంటే ఏం, దాన్ని చదవనివ్వండి" అనొచ్చు. అనలేదు. ఈ నలభై ఎనిమిదేళ్ళలో నీ మార్కులు మర్చిపోలేదు, అనకపోవడమూ మర్చిపోలేదు.

ఇప్పుడు అసలు సిగ్గుచేటు. నీ ఉత్తరం రాగానే ఫోనులో కిరీటి పీక పట్టుకున్నాను, "ఆరువందలని ఏ వెధవ రాశాడురా రిజిస్టరులో?" అని. వాడు ఆ పేజీ ఫొటో తీసి పంపి, "మాస్టారూ, ఒకసారి దస్తూరీ చూడండి" అన్నాడు. చూశాను. ఆ వెధవని నేనే.

నీ మెమో పోయిన తుఫానులోనే కాలేజీ రిజిస్టర్లూ నానిపోయాయి. మనుషులు పోయినచోట కాగితాల గురించి మాట్లాడటానికి నోరు రాదు గానీ, నాకు ఉద్యోగం ఇచ్చింది ఆ నానిన కాగితాలే. ఎండలో ఆరబెట్టి, దస్తూరీ బావున్నవాడెవడైనా ఉంటే కొత్త రిజిస్టర్లలోకి ఎక్కించమన్నారు. పది తప్పినా దస్తూరీ బావుంది గనక నన్ను పెట్టుకున్నారు. వేల వరసలు రాశాను. ప్రతి వరసా రెండుసార్లు కూడి చూశాను. ఒక్క నీ వరస మాత్రం కూడలేదు. కంఠతా వచ్చిన దాన్ని కూడటమేమిటని గర్వం! నోటితో ఏడువందల పన్నెండు అనుకుంటూ చేత్తో ఆరు వేశాను. సబ్జెక్టుల మార్కులు అయిదూ సరిగ్గానే ఉన్నాయి, మొత్తం ఒక్కటే తప్పు. పక్క పేజీల్లోవాళ్ళవన్నీ సరిగ్గా ఉన్నాయి సుగుణా. ముప్పైఏడేళ్ళలో నేను చేసిన తప్పు, నాకు తెలిసినంతలో, నీ ఒక్కదానికే చేశాను.

కిరీటి ప్రిన్సిపాలు చేత రిజిస్టరు దిద్దించి, కొత్త కవరు నేరుగా యూనివర్సిటీకే పంపుతున్నాడు. నా గుమ్మం తొక్కనివ్వొద్దని చెప్పాను. ఆఫీసరుగారికి నేనూ ఉత్తరం రాశాను. మూడు పేజీలు చెబితే వర్షిణి ఇంగ్లీషులో ఆరు లైన్లు టైపు చేసింది. "తాతా, నోబడీ నీడ్స్ ద సైక్లోన్" అంది. "తుఫాను లేకపోతే ఉద్యోగం లేదు, ఉద్యోగం లేకపోతే తప్పు లేదు. తుఫాను ఉండి తీరాలి" అన్నాను. గంటసేపు వాదించుకున్నాం. తుఫాను ఉంది.

కోపం తీరకపోయినా జవాబు రాయి.

శ్రీరాములు

*

విండ్సర్,
2 మే 2025

ప్రియమైన అన్నయ్యకు,

కూర్చుని చదువుకో. నిలబడి చదివితే మళ్ళీ గదిలో తిరుగుతావు.

సీటు వచ్చింది! బీఏ, చరిత్ర. పెద్ద వయసు దారిలో కాదు, పట్టికలో ఇండియా అన్న వరసలో.

నీ మార్చి ఉత్తరం అందగానే కూడాను. తర్వాత తనీష్ చేత కూడించాను. వాడు ఫోనులో కూడబోతే "వేళ్ళ మీద కూడరా" అన్నాను. ఏడువందల పన్నెండు. వెంటనే జవాబు రాయాల్సింది. నా ఉత్తరంలో ఆ ఆఖరి వాక్యం రాసిన చేత్తో ఏం రాయాలో తోచక, చెప్పుకోదగ్గ కబురు వచ్చేదాకా ఆగాను. అది రాయకుండా ఉండాల్సింది. నువ్వు దాన్ని బీరువాలో దాచే ఉంటావు. దాని మీద కూడా ఒక అడ్డగీత గీసి, పక్కన నా పొట్టి సంతకం ఉన్నట్టే అనుకో.

కిరీటి కవరు గడువుకి ఆరు రోజుల ముందు చేరింది. ఆఫీసరు మళ్ళీ పిలిచింది. నా ఎదుటే పెన్సిలు తీసుకుని అయిదు మార్కులూ కూడింది. అయ్యాక నీ పాత కాగితం తీసి పక్కన పెట్టింది. అంకెలన్నీ అవే. ఎర్ర సిరా ఏడు మీద వేలు పెట్టి, "మీ అన్నగారు కరెక్టే" అంది. తుఫాను ఉత్తరం ఆఫీసులో అందరూ చదివారుట! ఈ సీట్లో ఇన్నేళ్ళుగా ఉన్నాను, దిద్దినవాళ్ళెవరూ పక్కన సంతకం చెయ్యడం చూడలేదు అంది. ఇలా దిద్దడం మాత్రం మళ్ళీ వద్దని మీ అన్నగారికి చెప్పండి అని కూడా అంది. చెప్పాను.

తనీష్‌కీ అక్కడే ఇంజనీరింగులో వచ్చింది. వాడి ముప్పై ఎనిమిదీ, నా ఏడువందల పన్నెండూ ఒకే పట్టికలో. "అమ్మమ్మ అయితే పరువు పోయేదేమోగానీ, నానమ్మే కదా, నో ప్రాబ్లమ్" అంటాడు, ఏం తేడానో వాడికే తెలియాలి. జయదేవ్ వారం నుంచి ఫ్యాక్టరీలో కనబడినవాడికల్లా "మై మామ్ గాట్ ఇన్" అని చెబుతున్నాట్ట. "తనీష్ సంగతి చెప్పలేదా?" అంటే "అరే, మర్చిపోయాను" అన్నాడు.

వర్షిణికి ఏమైంది? రాయి. మార్కులు ఎన్నింటికో కూడా రాయి.

నీ చెల్లెలు
సుగుణ

*

రెజైనా,
15 మే 2025

బీఏ మొదటి సంవత్సరం విద్యార్థిని, చిరంజీవి సుగుణకు,

కూర్చునే చదివాను. తర్వాత తిరిగాను.

వర్షిణికి ఇక్కడి యూనివర్సిటీలోనే సీటొచ్చింది, తొంభైనాలుగు, వందకి. ఆ కబురు బస్సులో పక్కనాయనకి చెప్పబోయి ముందు నీ కబురు చెప్పాను. ఆయన ఉక్రెయిన్ నుంచి వచ్చిన పెద్దమనిషి. నా ఇంగ్లీషు ఆయనకీ ఆయన ఇంగ్లీషు నాకూ సగమే తెలుస్తాయి. కానీ చేత్తో 712 అని అద్దం మీద ఆవిరిలో రాసి చూపిస్తే అర్థమైనట్టు తల ఊపాడు. "అవుటాఫ్?" అని అడిగాడు సుమా! చదువుకున్నవాడు. నేనైతే అడక్కుండానే ఓదార్చేవాణ్ణి.

నాన్న ఉంటే ఈ ఉత్తరం ఆయనకి చదివి వినిపించేవాణ్ణి. నా తల ఎక్కడ పెట్టుకున్నానో కూడా చెప్పేవాణ్ణి. ఉన్నచోటే ఉంది నాన్నగారూ, కాస్త పైకే ఉంది.

నీ అన్నయ్య
శ్రీరాములు

*

విండ్సర్,
22 సెప్టెంబరు 2025

అన్నయ్యకు,

క్లాసులు మొదలై మూడు వారాలు. ముందు వరసలో కూర్చుంటున్నాను. పక్క పిల్ల నన్ను ప్రొఫెసరనుకుని లేచి నిలబడింది. మధ్యాహ్నం తనీష్ నా కోసం కాంటీన్లో కుర్చీ పట్టి ఉంచుతాడు. లంచ్ డబ్బా ఇప్పుడు ఇద్దరికీ సర్దుతున్నాను. తీరిక అన్న మాట ఉత్తదే.

మొదటి చిన్న పరీక్ష పేపరు దిద్ది ఇచ్చారు. ముప్పై ఎనిమిది వచ్చాయి. ఎన్నింటికో చెప్పను.

పేపరు ఈ ఉత్తరంతోపాటు వేరే కవరులో పెట్టాను. అతుకు మీద అడ్డంగా నా సంతకం చేసి, సీలు వేశాను. సీలు విప్పి, కూడిక సరిచూసి పంపు. ఎర్ర సిరా వాడు.

సుగుణ

*

రెజైనా,
18 అక్టోబరు 2025

పోస్టు సమ్మె కారణంగా కవరు ఈ ఉదయమే చేరినది. సీలు చెక్కు చెదరలేదు. ఆవిరి వాడలేదు, కత్తెరతో విప్పాను.

పది, తొమ్మిది, పది, తొమ్మిది. రెండుసార్లు కూడాను. మొత్తం ముప్పై ఎనిమిది. నలభైకి.

సరిగా ఉన్నది.

క. శ్రీ.
రికార్డ్ అసిస్టెంట్